నది నడిచిందా, దూకిందా

1886. ఎన్నికలకు ముందు ఆదివారం, మిట్టమధ్యాహ్నం. టెక్సాస్‌కూ మెక్సికోకూ హద్దుగా పారే రియో గ్రాండే పక్కన, ఒక మట్టిగోడల ఇంటి వాకిట్లో జడ్జి లైసాండర్ ప్రూయిట్, ఊరంతా దోన్యా అని, అంటే అమ్మగారని, పిలిచే మంత్రసాని బ్రిహిదా.

"...బురద అంటే మామూలు బురదా? ముందు చక్రం ఇరుసు దాకా దిగిపోయింది! ఎండిన నేలే అనుకున్నాడు మా బండివాడు. పైన పెచ్చు, కింద పాయసం. చుట్టూ రెల్లు. నడుద్దామంటే బూట్ల కింద గుల్లలు పటపటమంటున్నాయి. ఇంటికి దారి అలా ఉంచుకుంటారా ఎవరైనా?"

"అది దారి కాదు జడ్జిగారూ. మీ వాళ్ళు అడ్డంగా తోలుకొచ్చారు. ముందు కూర్చోండి. బూట్లు తుడవమంటారా?"

"వద్దులే. నువ్వు నా బూట్లు తుడిచావని తెలిస్తే రేపు అవతలి పార్టీ ఎర్ర రిబ్బన్లవాళ్ళు ఊరంతా పాట కడతారు."

"మీ బండివాడు?"

"చక్రం తవ్వుతున్నాడు. రైఫిల్ పట్టుకుని ఇంకొకడు వాడికి కాపలా. కేక వేస్తే వినపడే దూరమే. ఏం, భయపడుతున్నానని అనుకున్నావా?"

"నేనేమీ అనుకోలేదు. వాళ్ళకూ భోజనం పంపిస్తాను, రెల్లు అవతలికి. పాపం, వాళ్ళతో మాకేం గొడవ లేదు."

"నాతో ఉందా?"

"తుపాకి ఆ తలుపు పక్క మేకుకు తగిలించండి జడ్జిగారూ. మా ఇళ్ళలో అన్నం దగ్గరికి తుపాకి రాదు. మా ఆయనైనా, గవర్నరైనా."

"మీ ఆయన పోయి చాలా కాలమైంది కదా."

"మేకు ఉంది."

"హ! సరే. ఇదిగో. ఓట్ల కోసం ఏమేం చేయాల్సి వస్తుందో మనిషికి. నిజం చెప్పు బ్రిహిదా, నీ కబురు విని నేను నమ్మలేదు. దోన్యా బ్రిహిదా నన్ను భోజనానికి పిలిచింది! మా ఆవిడ అయితే వెళ్ళొద్దని ఏడ్చింది. అన్నంలో ఏదైనా కలుపుతుందని."

"మంత్రసానిని నేను. ఈ నదికి అటూ ఇటూ సగం మంది నా చేతుల్లోకి పుట్టారు. విషం పెట్టే చేయి కాదు ఇది."

"అందుకేగా వచ్చాను! ఆ సగం మందీ నువ్వు ఏ రంగు పెట్టుకోమంటే ఆ రంగు పెట్టుకుంటారు. పోయినసారి ఎర్రవాళ్ళు మన మనుషుల్ని దొడ్లో పెట్టి, ఎద్దును కోసి, మెస్కాల్ సారా పోసి, తెల్లారగానే మందలా తోలుకెళ్ళి ఓట్లు వేయించారు. ఈసారి ఆ పని మనం చేయాలి. రెండేళ్ళుగా రాజధాని ఆస్టిన్‌లో సెనేటర్‌గా కూర్చుని నేను సంపాదించిన పలుకుబడంతా ఈ మంగళవారం మీద ఉంది."

"ఎప్పుడొచ్చారు ఆస్టిన్ నుంచి?"

"నిన్న సాయంత్రం. ఒళ్ళంతా హూనమైంది. ఇదిగో, నీలం రిబ్బన్లు సంచి నిండా తెచ్చాను. చదువు రానివాడికైనా రంగు తెలుస్తుంది కదా."

"ఈ వంపు వైపు ఎప్పుడైనా వచ్చారా ఇంతకు ముందు?"

"నాకేం పని? పడవ రేవు దాకా వచ్చేవాణ్ణి, అంతే. అయినా నువ్వు అటు, మెక్సికో వెళ్ళిపోయావని చెప్పారే? మళ్ళీ నది దాటొచ్చేశావన్నమాట!"

"నది దాటలేదు జడ్జిగారూ. నాకు నీళ్ళంటే భయం."

"అంటే ఇక్కడే ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను. మా అమ్మ పుట్టింది ఈ ఇంట్లోనే."

"మరి ఊళ్ళోవాళ్ళు... సర్లే, ఊళ్ళోవాళ్ళ మాటలు. ఇల్లు బాగుంది. గాలి వస్తోంది నది మీంచి. అదిగో, ఎంత దగ్గరో! రాయి విసిరితే మెక్సికోలో పడుతుంది."

"విసరక్కర్లేదు."

"ఏంటి?"

"కాఫీ తాగుతారా అంటున్నాను. బెల్లం వేశాను, దాల్చినచెక్క వేశాను."

"పోసివ్వు. నెమ్మదిగా... అబ్బా! వేడి తగిలితే ఈ కుడివైపు పన్ను ప్రాణం తీస్తోంది."

"పీకించుకోలేదా?"

"ఎవరితో పీకించుకోను? బ్రౌన్స్‌విల్‌లో ఉన్నది మంగలివాడు. మంచి పళ్ళ డాక్టరు మాటమోరోస్‌లో ఉన్నాడు, నదికి అవతల. నేను అవతల కాలు పెడితే నీకు తెలుసుగా ఏమవుతుందో."

"తెలుసు. ఉరి."

"అలా అనేస్తావేం, పొద్దున్నే లేచి పలకరించినట్టు?"

"నాలుగేళ్ళుగా రోజూ పొద్దున లేచి అదే అనుకుంటున్నాను జడ్జిగారూ. అలవాటైపోయింది. డాక్టరు సంగతి దిగులు పడకండి. త్వరలోనే చూపించుకోవచ్చు."

"ఓహో! అంటే కేసు వెనక్కి తీసుకుంటావా? అక్కడి వాళ్ళతో మాట్లాడతావా?"

"మాట్లాడాను."

"బ్రిహిదా! ఇంత తెలివైనదానివని అప్పుడే తెలిస్తే మనం ఎప్పుడో రాజీ పడేవాళ్ళం కదే! చెప్పు, నీకేం కావాలి? ఊరికే ఎవరూ రారు."

"మా అబ్బాయి అన్సెల్మో సమాధి."

"ఊఁ."

"మా పొలంలో ఉంది. అదే, ఇప్పుడు మీ పొలం. వాళ్ళ నాన్న పక్కన పెట్టాను వాణ్ణి. నెల తిరక్కుండా మీరు చుట్టూ ముళ్ళతీగ వేశారు. ఒక్క దీపం పెట్టడానికి లేదు. ఎల్లుండే చచ్చిపోయినవాళ్ళ పండగ. పోయిన ఏడాది తీగ బయట నిలబడి పూలు లోపలికి విసిరాను. మీ ఎద్దులు తిన్నాయి."

"ఎద్దులకేం తెలుసు. సరే. తీగ తీయిస్తాను."

"ఎప్పుడు?"

"ఎన్నికలయ్యాక."

"పండగ కూడా ఎన్నికల రోజే."

"అయితే ఏంటి, చచ్చినవాళ్ళకు తొందరేముంది? ఓట్లు పడనీ, సాయంత్రం తీయిస్తాను. మాట."

"మాట ఇచ్చారు కదా. సంతోషం. మెల్చోర్! మాంసం తీసుకురా!"

"వస్తున్నా దోన్యా! ఒకవైపు కాస్త మాడింది."

"పర్లేదు, మాడని వైపు జడ్జిగారికి వెయ్యి. పన్ను నొప్పి ఆయనకు, మెత్తగా ఉన్నది చూసి."

"మేకపిల్ల వాసన అదిరింది. ఎవరీ మనిషి? వంటవాడి చేతుల్లా లేవే."

"మొదటిసారి కాలుస్తున్నాడు."

"అవునండీ జడ్జిగారూ, మొదటిసారి. గుర్రాల పని నాది. దోన్యా పిలిస్తే వచ్చాను. నన్ను భూమ్మీదికి లాగింది ఈవిడే."

"చూశావా! నే చెప్పలా, సగం మందీ! నీకు ఓటుందా అబ్బీ?"

"ఉందండీ. ఇక్కడ వేయనివ్వరేమో మరి."

"వేయిస్తాను నేను! అడిగేవాడెవడు? నది అవతలవాళ్ళు కూడా వచ్చి వేసిపోతుంటే! ఇదిగో నీలం రిబ్బను. చొక్కాకు పెట్టుకో."

"తర్వాత పెట్టుకుంటానండీ. చేతులకు జిడ్డు. ఇక్కడే గోడకు ఆనుకుని ఉంటాను, ఏం కావాలన్నా పిలవండి."

"నువ్వు తినవేం బ్రిహిదా? నేనొక్కణ్ణే నములుతుంటే... ఆఁ, ఇప్పుడు అనుమానం రావాలా నాకు?"

"మీ పళ్ళెంలోంచి రొట్టె ముక్క ఇటివ్వండి. ఆ మిరపకాయ కూడా. చూడండి, తింటున్నాను. మాంసమే తినను. మొక్కు."

"ఏం మొక్కు?"

"అన్సెల్మోను పూడ్చిన రోజు మొక్కుకున్నాను. వాణ్ణి చంపినవాడు మెక్సికో నేల మీద, మెక్సికో చట్టం ముందు నిలబడేదాకా మాంసం ముట్టనని."

"హహ్హహ్హ! అయితే జన్మంతా చిక్కుడుగింజలేనా నీకు? పాపం. నాకు వెళ్ళి ఆ చట్టం ముందు నిలబడాలని లేదే! మా చట్టం ముందు నిలబడ్డాను, చాలదా? పన్నెండు మంది పెద్దమనుషులు. సిగరెట్టు కాలేంతసేపు కూడా ఆలోచించలేదు. నిర్దోషి."

"ఆ పన్నెండు మందిలో ఒక్కడికైనా మా భాష వచ్చా?"

"రానక్కర్లేదు. ఇప్పుడెందుకు అవన్నీ? రాజీ అన్నావు."

"రాజీయే. ఒక్కటి తెలుసుకుంటే మనసు కుదుటపడుతుంది. వాడు ఎలా పోయాడో ఎవరూ సరిగ్గా చెప్పలేదు నాకు. గుర్రాలకు నీళ్ళు పెడుతున్నాడని ఒకరు, పడుకున్నాడని ఒకరు. మీరున్నారుగా అక్కడ."

"వద్దు బ్రిహిదా."

"తల్లిని. అడగకూడదా? మీకేం భయం? మీ చట్టం వదిలేసింది. ఒకసారి వదిలేసినవాణ్ణి మళ్ళీ పట్టుకోకూడదు కదా మీ దగ్గర?"

"పట్టుకోకూడదు. కోర్టులో నేనే నేర్పాను ఆ మాట సగం మందికి."

"మరి చెప్పండి. కాఫీ పోస్తాను."

"...గుర్రాలకు నీళ్ళు పెడుతున్నాడు. అవతలి ఒడ్డున. మేం పడవలో వెళ్ళాం, నేనూ ఇంకో ముగ్గురూ. పొద్దున మంచు పట్టి ఉంది, మమ్మల్ని చూళ్ళేదు. నీ కొడుకు మొండివాడు బ్రిహిదా. సోమవారం కోర్టులో సాక్ష్యం చెప్పొద్దని మంచిగా చెప్పాను. డబ్బిస్తానన్నాను. గుర్రం ఇస్తానన్నాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. 'నది దూకడం నేను చూశాను సార్, చూసింది చెప్తాను' అన్నాడు. బకెట్టు చేతిలో పట్టుకునే అన్నాడు."

"అప్పుడు?"

"అప్పుడింకేముంది."

"మీరే కాల్చారా? ఆ ముగ్గురిలో ఒకరా?"

"నేనే. అలాంటి పనులు వేరేవాళ్ళతో చేయిస్తే జీవితాంతం వాళ్ళకు లొంగి ఉండాలి. ఒకటే దెబ్బ. బాధపడలేదు. చాలా?"

"చాలు. విన్నావా మెల్చోర్?"

"విన్నాను దోన్యా."

"వాడికి చెప్తావేం! వినేదేముంది అందులో? ఊరందరికీ తెలిసిందే. ఎవడైనా నన్నేమైనా చేయగలిగాడా?"

"లేదు జడ్జిగారూ. ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఇంకో ముక్క వేసుకోండి. అవును, ఆ పొలం కేసు నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ నడవడం, దూకడం. కోర్టులో మీరు ఇంగ్లీషులో మాట్లాడారు. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. తీర్పు రాగానే పొలం పోయిందన్నారు, లేచి వచ్చేశాను."

"అదా! అది నా జీవితంలో గొప్ప కేసు. విను, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్తాను. రెండు దేశాలకూ హద్దు ఏంటి?"

"నది."

"నది ఒక్కచోట ఉంటుందా? ఉండదు. ఏటేటా కాస్త కాస్త ఒడ్డు కోసుకుంటూ జరుగుతుంది. దాన్ని మీవాళ్ళు నడవడం అంటారు. నది నడిస్తే దాంతోపాటు హద్దూ నడుస్తుంది. ఇవాళ మెక్సికోది రేపు టెక్సాస్‌ది. అర్థమైందా?"

"అయింది."

"ఒక్కోసారి వరదొచ్చి, వంపు తెంచుకుని, రాత్రికి రాత్రి కొత్త దారిన పడుతుంది. అది దూకడం. దూకితే మాత్రం హద్దు కదలదు. పాత నది ఎక్కడ పారిందో అక్కడే ఉంటుంది. రెండు దేశాలూ కూర్చుని సంతకాలు పెట్టిన ఒప్పందం అది."

"మా పొలం దగ్గర?"

"నీ పొలం మెక్సికోది. నది దక్షిణానికి జరిగేసరికి టెక్సాస్ ఒడ్డున తేలింది. నడిచిందంటే నాది. దూకిందంటే నీది. అంతా ఒక్క మాట మీద ఉంది!"

"నిజంగా ఏం జరిగింది జడ్జిగారూ? మనలో మాట."

"మనలో మాటా? దూకింది. నాకూ తెలుసు, నీకూ తెలుసు. కానీ నడిచిందని చెప్పడానికి నా దగ్గర తొమ్మిది మంది ఉన్నారు. దూకిందని చెప్పడానికి నీ దగ్గర ఒక్కడే ఉన్నాడు."

"వాడూ లేకుండా పోయాడు."

"రాజకీయం బ్రిహిదా. కోపం లేదు నీ మీద, వాడి మీదా లేదు. పడమటికి పోయినవాళ్ళందరూ ఇలాగే సంపాదించారు. మేం రాకముందు మీరు ఈ నేల ఎవరి దగ్గర తీసుకున్నారు? వాళ్ళకు ఏ కోర్టు ఉంది?"

"ఏ కోర్టూ లేదు. అది నిజమే. మెల్చోర్, రా. నువ్వూ కూర్చో."

"ఇక్కడా? ఇదేంటి? గుర్రాలవాడు నా ఎదురుగా కూర్చోవడమేంటి? లే అబ్బీ."

"కాళ్ళు నొప్పులండీ జడ్జిగారూ. పొద్దుట్నుంచి నిప్పుల దగ్గర నిలబడ్డాను. నా పేరు మెల్చోర్ అర్రియాగా. మాటమోరోస్ గుర్రపు దళానికి కెప్టెన్‌ని. మిమ్మల్ని అన్సెల్మో హత్య కేసులో తీసుకెళ్ళడానికి వచ్చాను."

"...ఏమన్నావు?"

"తొందరేం లేదండీ. మాంసం పూర్తి చేయండి."

"హ! హహ్హ! బ్రిహిదా, ఇదా నీ భోజనం! ఇదా రాజీ! నా తుపాకి..."

"మేకు మీద లేదండీ. ఇందాక కాఫీ పోసేటప్పుడు తీసి పెట్టాను. ఇంటి వెనక మావాళ్ళు ఇంకో ఆరుగురున్నారు. కూర్చోండి."

"కూర్చుంటాను. హాయిగా కూర్చుంటాను! నీకు తల ఉందా కెప్టెన్? నువ్వెక్కడున్నావో తెలుసా? మెక్సికో సిపాయిలు టెక్సాస్‌లోకి తుపాకులతో వచ్చి సెనేటర్‌ని ఎత్తుకుపోతారా? దీన్ని దండయాత్ర అంటారు. మా కోటలో ఫిరంగులున్నాయి. మంగళవారం సాయంత్రానికి మాటమోరోస్‌లో గోడ మిగలదు. ఏం పిచ్చిముండవే నువ్వు! నీ కొడుకు కోసం ఒక ఊరు తగలబెట్టిస్తావా?"

"అరవకండి జడ్జిగారూ. పన్ను లాగుతుంది."

"అరుస్తాను! నా మనిషి రెల్లు అవతలే ఉన్నాడు, రైఫిల్‌తో!"

"అవతలే ఉన్నాడండీ. అక్కడే ఉండనిస్తాం. అతను ఉన్నది మీ దేశంలో, మేం ముట్టుకోకూడదు."

"మరి నేనున్నది? నేనెక్కడున్నానురా? గుడ్డివాడివా? అదుగో నది! అటు నీది, ఇటు నాది. మధ్యలో నీళ్ళు! నన్ను ఆ నీళ్ళు దాటిస్తే అది అపహరణ. నిన్ను మీవాళ్ళే ఉరి తీసి నా కాళ్ళు పట్టుకుంటారు."

"కెప్టెన్‌ని వదిలేయండి జడ్జిగారూ. నాకో అనుమానం."

"నీకా? ఇప్పుడా?"

"మీరు ఇందాక చెప్పిందే. నది దూకితే, పాత నది ఉన్నచోటే హద్దు ఉంటుందన్నారు. అందులో నీళ్ళు లేకపోతే?"

"నీళ్ళు లేకపోయినా అదే హద్దు! ఏం ప్రశ్నలే ఇవి?"

"ఎండిపోతే?"

"ఎండిపోయినా, రెల్లు మొలిచినా, గేదెలు పొర్లినా, అదే హద్దు! ఒప్పందంలో ఉంది. పోయి చదువుకో! అయినా నీకు చదువెక్కడిది..."

"రెల్లు మొలిచినా."

"నా మాటలు నాకే అప్పజెప్తావేం?"

"మెల్చోర్, నాకూ ఒక ముక్క వెయ్యి. ఆ తొడ దగ్గరది. మాడినా పర్లేదు."

"ఇదిగోండి దోన్యా. ఉప్పు వేయమంటారా?"

"వెయ్యి."

"మాంసం తింటున్నావా? మొక్కన్నావు! మెక్సికో నేల మీద నిలబడేదాకా అన్నావు!"

"అన్నాను. బాగా కాల్చావు మెల్చోర్. మొదటిసారని ఎవరూ అనరు."

"ఏయ్! నాతో మాట్లాడు! నువ్వు నది దాటలేదన్నావు... ఇక్కడే ఉన్నానన్నావు... మీ అమ్మ ఈ ఇంట్లోనే పుట్టిందన్నావు... మీ అమ్మది... మీ అమ్మది ఏ దేశం బ్రిహిదా?"

"నువ్వు రాజధానిలో ఉన్నావు. పోయిన ఏడాది సెప్టెంబరు వరద చూళ్ళేదు. రాత్రి పడుకునేటప్పుడు నది ఈ ఇంటికి ఉత్తరాన పారుతోంది. తెల్లారి లేచి చూస్తే దక్షిణాన ఉంది."

"నువ్వు... నన్ను 'నువ్వు' అంటున్నావు."

"ఈసారి నడవలేదు, దూకింది. నీ బండి దిగబడింది బురదలో కాదు ప్రూయిట్, పాత నదిలో."